అంటించి ఇచ్చిన చుట్టలు

జవాబు తెలియనప్పుడు డాక్టర్లు ఏం చేస్తారో నాగలతకు తెలుసు. కొందరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటారు. కొందరు బయట ఇంకా ఎంతమంది ఉన్నారని నర్సును అడుగుతారు. కొత్తగూడెంలో ఒక పెద్దాయన, నలభై ఏళ్లుగా రోగులను చూస్తున్నవాడు, పెన్ను మూత పెట్టి మళ్లీ తీసి, "ఇవన్నీ మాకెందుకమ్మా, పట్నంల పెద్ద డాక్టర్లున్నరు కదా" అన్నాడు. అని, తొమ్మిదో ప్రశ్నకు ఎక్స్‌రే అని టిక్కు పెట్టాడు.

తొమ్మిదో ప్రశ్న దగ్గరే అందరి పెన్నులూ నెమ్మదిస్తాయి, ఎండాకాలపు గోదావరి ఇసుక మేట దగ్గర నెమ్మదించినట్టు. చాలా ఏళ్లు బాగా పొగ తాగి, ఇప్పటికి ఏ బాధా లేని మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉందేమో ముందే కనిపెట్టాలంటే ఏ పరీక్ష చేయాలి? కింద నాలుగు గళ్లు. ఎక్స్‌రే, కఫం పరీక్ష, రక్త పరీక్ష, తక్కువ రేడియేషన్‌తో తీసే సీటీ స్కాన్. నాగలత బల్లకు ఇవతల కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, పెన్ను మొన ఏ గడి వైపు వంగుతుందో చూస్తూ ఉంటుంది. నాలుగోదాని మీద ఒక్క క్షణం ఆగి మొదటిదానికి వెళ్లిపోయిన పెన్నులు ఎన్నో. ఆ క్షణంలో ఆమె ఊపిరి బిగబట్టేది. డాక్టర్లు ఎప్పుడూ గమనించలేదు.

ఖమ్మంలో ఈ సర్వే నడిపే ప్రొఫెసర్ సునంద మొదటిరోజే చెప్పింది. "నువ్వు గోడవమ్మా. గోడకు అన్నీ వినిపిస్తాయి, ఏదీ చెప్పదు." ఖమ్మం నుంచి భద్రాచలం అవతలి అడవి ఊళ్ల దాకా నూట ముప్పై ఎనిమిది మంది డాక్టర్లు. మొదట అందరితో ఫారం నింపించాలి. తరవాత అందరినీ పిలిచి ఒక రోజు క్లాసు. ఆ తరవాత మళ్లీ అదే ఫారం. ముందుకూ వెనక్కూ ఎంత తేడా వచ్చిందో అదే స్టడీ. మధ్యలో ఒక్క జవాబు బయటికి పొక్కినా, ఒకరి నుంచి ఒకరికి పోయి, కొలత చెడిపోతుంది. నాగలతకు ఆ మాట బాగా అర్థమైంది. అంతకుముందు రెండేళ్లు టీబీ పరీక్షకు ఊరూరా కఫం డబ్బాలు సేకరించే కాంట్రాక్టు పనిలో ఉంది. మూత సరిగ్గా లేని డబ్బా ఎంత దూరం మోసినా వృథా అని ఆ పనిలోనే నేర్చుకుంది.

ముప్పై ఒక్క ఏళ్లు ఆమెకు. ఆశ్రమ పాఠశాలలో చదివి, నర్సింగ్ కోర్సు చేసి, ఇప్పలగుంపుకు కోడలిగా వచ్చింది. గోదావరి దాటి అడవి వైపు వెళ్లే బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిస్తే ఇప్పలగుంపు. కోయవాళ్ల ఇళ్లు ముప్పై. అంత చిన్న ఊరిని అక్కడ గుంపు అంటారు. భర్త రాంబాబు జామాయిల్ చెట్లు నరికే ముఠాలో పని చేస్తాడు. తెల్లవారుజామున భుజాన సంచితో ఆమె బస్సుకు, గొడ్డలితో అతను తోటలకు. డాక్టర్ల గదుల ముందు ఆమె మందుల కంపెనీ కుర్రాళ్ల వెనక నిలబడేది. బూట్లు మెరిసిపోతున్న ఒకతను ఒకసారి అడిగాడు. "మీది ఏ కంపెనీ మేడం?"

"ప్రశ్నల కంపెనీ."

"మాకంటే మీదే నయం. మేం జవాబులు అమ్ముకోవాలె."

తెచ్చిన ఫారాలకు మార్కులు వేసేది కూడా ఆమే. అందుకే జవాబుల కాగితం ఆమె దగ్గర ఉంది. పది ఫారాలు దిద్దేసరికి అన్నీ నోటికొచ్చాయి. పదకొండో ప్రశ్న ఎవరికి పరీక్ష చేయాలనేది. వయసు యాభై దాటాలి. రోజుకు ఇరవై సిగరెట్ల పెట్టె చొప్పున ఏడాదంతా తాగితే ఒకటిగా లెక్క. అట్లా ఇరవై దాటాలి. ఆ వరుస చదివిన రోజు మధ్యాహ్నం ఆమె తల ఎత్తి చూసింది. వాకిట్లో అత్త ముత్తక్క మిరపకాయలు ఎండబోస్తోంది. ఎర్రటి గుట్ట మీద వంగిన తెల్లటి తల. నోట్లో చుట్ట లేదు గానీ, ఉన్నట్టే పెదవులు ఒక పక్కకు ముడుచుకుని ఉన్నాయి.

మర్నాడు పొయ్యి దగ్గర అడిగింది.

"అత్తా, రోజుకు ఎన్ని చుట్టలు తాగుతవ్?"

"నీ మొగుడు అడగమన్నడా?"

"నేనే అడుగుతున్న."

"ఒకటి." ముత్తక్క కొంచెం ఆలోచించింది. "ఒకటే. అది కూడా సగం తాగి చెవి మీద పెట్టుకుంట."

అది అబద్ధం కాదు. అయినా నాగలత ఆ ఆదివారం బియ్యంలో రాళ్లు ఏరుతూ అరుగు మీదే కూర్చుంది. ఇప్పలగుంపులో ఒక అలవాటు ఉంది. నిప్పు ఆరని పొయ్యి ముత్తక్కది. మగవాళ్లు తునికాకులో నాటు పొగాకు చుట్టుకుని, వెలిగించకుండా ఆ పొయ్యి దగ్గరికి తెస్తారు. పెద్దామె నిప్పుకణిక పట్టకారుతో అందుకుని, చుట్ట తన నోట్లో పెట్టుకుని, కొస ఎర్రగా రాజుకునేదాకా పీల్చి, కొంగుతో తుడిచి ఇస్తుంది. వానాకాలంలో అగ్గిపెట్టెలు చెమ్మగిల్లే రోజుల్లో మొదలైందో, ఆమె అత్తగారి కాలంలోనే ఉందో, ఎవరూ చెప్పలేరు. పెద్దామె అంటించిన చుట్టతో పనికి పోతే ఒంటికి గాయం కాదని ముఠావాళ్ల నమ్మకం.

పొద్దు పొడవకముందే ముఠా మేస్త్రీ రూప్లా వచ్చాడు. అతను కోయ కాదు, తండా మనిషి, అయినా అలవాటు అంటుకుంది.

"పెద్దమ్మా, నువ్వు అంటిస్తేనే తీపుంటది."

"నీ పెండ్లాం అంటిస్తే చేదా?"

"అది చుట్ట ముట్టుకుంటదా? చూస్తేనే నా మీద నిప్పులు పోస్తది."

"పొయ్యదా మరి, ఆరుగురు పిల్లలకు పెట్టేటి నీ సంపాదన ఈ పొగల పోతున్నది." అంటూనే ముత్తక్క చుట్ట అందుకుంది. ఒకటి, రెండు, మూడు దమ్ములు. ఆకు పచ్చిగా ఉంది. నాలుగు, అయిదు. ఆమె బుగ్గలు లోపలికి పోయి మళ్లీ వచ్చాయి. పొగ ముక్కులోంచి రెండు సన్నటి దారాలుగా కిందికి జారింది.

నాగలత మధ్యాహ్నానికి పదిహేడు లెక్కపెట్టింది. సాయంత్రం ఇంకో ఏడు. పదిహేనేళ్ల పిల్లగా ఈ పొయ్యి ముందుకు వచ్చిన మనిషికి ఇప్పుడు అరవై. తునికాకు కోసే వేసవిలో కల్లం దగ్గర నిప్పు పెట్టుకుని కూర్చునేది కూడా ఆమే, అప్పుడు చుట్టుపక్కల గుంపుల వాళ్లంతా వస్తారు. నాగలత వేలితో మట్టి మీద అంకెలు వేసి చూసింది, చెరిపింది, మళ్లీ వేసింది. చుట్టకు సగం చొప్పున వేసినా లెక్క ఇరవై దాటుతోంది.

"అత్తా, పొద్దటి నుంచి ఇరవై నాలుగు అంటించినవ్."

"అవి నావి కావు కదనే."

"పొగ నీ లోపలికే పోయింది కదా."

"వాళ్ల చుట్టలు, వాళ్లు తాగిన్రు. నేను అంటించి ఇచ్చిన. నువ్వు వండిన అన్నమంతా నువ్వే తిన్నట్టా?"

 జవాబుల కాగితంలో దానికి గడి లేదు.

బీపీ చూపించుకుందామని చెప్పి ఆమె అత్తను సర్కారు దవాఖానాకు తీసుకెళ్లింది. అక్కడి డాక్టర్ సంతోష్ ఇరవై ఎనిమిదేళ్లవాడు. ఉద్యోగానికి వచ్చి ఏడాది కాలేదు. ఓపీ టైము అయిపోయినా చివరి మనిషి దాకా చూసి లేచేవాడు. రెండు వారాల కిందటే నాగలత ముందు ఫారం నింపాడు. తొమ్మిదో ప్రశ్నకు ఎక్స్‌రే అని పెట్టాడు. అతను బీపీ చూసి, గుండె విని, చుట్ట వాసన పసిగట్టి అడిగాడు. ముత్తక్క ఒకటి అంది. నాగలత ఇరవై నాలుగు అంది, ఎందుకో వివరించింది. అతను ఇద్దరినీ చూశాడు.

"ఎందుకైనా మంచిది, ఎక్స్‌రే తీయిద్దాం అక్కా."

నాగలత పెదవుల దాకా వచ్చింది మాట. ఎక్స్‌రేలో చిన్న గడ్డ దాక్కుంటుంది సార్, పక్కటెముకల వెనక, గుండె నీడ వెనక దాక్కుంటుంది. పెద్దదైతేనే కనిపిస్తుంది. ఈ మాటలన్నీ ఆమె సంచిలో, ఆ కాగితంలో ఉన్నాయి. కానీ ఇతనితో ఇంకో ఫారం నింపించాలి. ఆమె గోడ. గోడకు అత్త ఉంటుందని ఎవరూ ముందు అనుకోలేదు. చీటీ తీసుకుని బయటికి వచ్చింది.

ఎక్స్‌రే శుభ్రంగా ఉందన్నారు. ముత్తక్క ఆ నల్లటి ఫిల్మును ఇంటి ముందు గుంజకు కట్టింది. పొద్దుటి ఎండ వెనక నుంచి పడితే ఆమె పక్కటెముకలు తెల్లగా వెలిగేవి, చలికాలపు ఆకుల్లేని కొమ్మల్లా. గుంపు ఆడవాళ్లంతా వచ్చి చూశారు. పక్కింటి ఆదెమ్మ వేలితో తడిమి చూసింది.

"నీ లోపల ఇంత ఖాళీ ఉన్నదా వదినా? మరి ఇన్ని మాటలు ఏడ దాచినవ్?"

"నీ కడుపుల పెట్టిన. ఇప్పుడు ఆడ కూడ జాగ లేదు."

"అయితే నాకు కూడ భయం లేదు. నీకే ఏం గాలేదంటే నేనెంత." ఆదెమ్మ ఆ మాట మీదే ఒక చుట్ట చుట్టింది. ముత్తక్క అంటించింది.

నాగలత ఆ సాయంత్రం మెల్లగా చెప్పి చూసింది. "ఫోటోల కనబడనివి ఉంటయి అత్తా."

"కనబడనివాటికి భయపడితే అడవిల బతుకుతమా?"

మరి పొయ్యి దగ్గరికి వచ్చేవాళ్లనైనా ఆపుదామని నాగలత భద్రాచలం బస్టాండు దగ్గర రంగురంగుల లైటర్లు కొని మగవాళ్లకు పంచింది. నాలుగు రోజులు బాగానే ఉంది. అయిదో రోజు రూప్లా ముఠాలో ఒకతనికి గొడ్డలి జారి కాలి వేలు తెగింది. ఆరో రోజు పొద్దున పొయ్యి ముందు మళ్లీ వరుస. లైటర్లతో పిల్లలు ఆడుకున్నారు. రాంబాబు భార్య ముఖం చూసి, "అమ్మను పొయ్యి కాడికి రావొద్దనాలె. అంటవా మరి? నేనైతే అనలేను" అన్నాడు. ఆమె కూడా అనలేకపోయింది. ఆ వరుస ముందు కూర్చున్నప్పుడు తప్ప ముత్తక్కను గుంపులో ఎవరూ ఏదీ అడగరు. ముసలిదైపోయిన మనిషి చేతికి ఇంకా మిగిలిన పెద్దరికం అదొక్కటే.

ఖమ్మంలో క్లాసు మార్చి నెలలో పెట్టారు. మిర్చి యార్డు ఘాటు హాల్లోకి కూడా వస్తోంది. డాక్టర్లు దగ్గుతూ, ఒకరినొకరు పలకరించుకుంటూ కూర్చున్నారు. సునంద మేడం తెర మీద సీటీ స్కాన్ చిత్రాలు చూపించింది. బూడిదరంగు ఊపిరితిత్తి, దాని మూలలో శనగగింజ అంత తెల్లటి చుక్క. "ఇదే మనిషికి అదే వారం తీసిన ఎక్స్‌రే" అని ఇంకో చిత్రం వేసింది. అందులో ఏమీ లేదు. గుంజకు కట్టిన ఫిల్ములో లేనట్టే. నీళ్ల సీసాలు పంచుతున్న నాగలత హాలు మధ్యలో ఆగిపోయింది.

ప్రశ్నలుంటే అడగండని మేడం అన్నప్పుడు అందరికంటే ముందు ఆమె గొంతే వినిపించింది. అది తన గొంతేనని ఆమెకు కొంచెం ఆలస్యంగా తెలిసింది.

"మేడం, తన కోసం కాకుండ వేరేవాళ్ల కోసం రోజుకు ఇరవై నాలుగు చుట్టలు అంటించి ఇచ్చే ఆడమనిషిని ఏ లెక్కల వేస్తరు?"

వెనక వరుసలో ఒకాయన, "అట్లయితే మా ఇంట్ల ఊదుబత్తులు వెలిగించే ఆమెను కూడ రాసుకోవాలె" అన్నాడు. నలుగురు నవ్వారు. సునంద నవ్వలేదు.

"లేదమ్మా. మన దగ్గర ఆ లెక్క లేదు. ఇది ఎక్కడో సిగరెట్ పెట్టెల మీద కట్టిన లెక్క. తునికాకు చుట్ట ఎన్ని సిగరెట్లకు సమానమో కూడా ఎవరూ గట్టిగా చెప్పలేదు." ఆమె పుస్తకంలో ఏదో రాసుకుంది. "మంచి ప్రశ్న. తరవాతి స్టడీలో పెడదాం."

రెండోసారి ఫారాలు పంచారు. తొమ్మిదో ప్రశ్న దగ్గర ఏ పెన్నూ నెమ్మదించలేదు. మొదటిసారి పదిమందిలో ముగ్గురు సరిగ్గా రాస్తే ఇప్పుడు తొమ్మిదిమంది రాశారు. మేడం సంతోషంతో నాగలత భుజం తట్టింది. అందులో నాగలత తిరిగిన బస్సులున్నాయి, నిలబడ్డ వరండాలున్నాయి. ఆమెకు కూడా ఒక నిమిషం సంతోషమే అనిపించింది.

టీ దగ్గర సంతోష్ వెతుక్కుంటూ వచ్చాడు.

"అక్కా, ఆ రోజు నేను ఎక్స్‌రే రాసిన. నీకు అప్పటికే తెలుసు కదా?"

"తెలుసు సార్."

"చెప్పలేదేంది మరి?"

"చెప్పొద్దన్నరు సార్."

అతను కప్పును తాగకుండానే బల్ల మీద పెట్టాడు. కోప్పడితే బాగుండునని ఆమె అనుకుంది. "సోమవారం తీసుకురా. పెద్దాసుపత్రికి స్కాన్ చీటీ రాస్తా" అన్నాడు చివరికి.

సోమవారం ముత్తక్క కొత్త చీర కట్టుకుంది. ఎక్స్‌రే లాంటిదే ఇంకో ఫోటో అని చెబితే, ఈసారి గుంజకు రెండు కట్టొచ్చని ఒప్పుకుంది. సంతోష్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి చీటీ తీశాడు. పేరు రాశాడు. వయసు రాశాడు. తరవాత గడి దగ్గర ఆగాడు.

"ఇక్కడ బాధ ఏందో రాయాలె అక్కా. ఏం లేదని రాస్తే కౌంటర్ల నుంచే వాపసు పంపిస్తరు. బాధ లేనోళ్లకు తీసే పరీక్షనే ఇది, కానీ బాధ లేకుంటే తియ్యరు." అతను తనలో తాను నవ్వుకున్నాడు, నవ్వు ముఖం దాకా రాలేదు. "మూడు వారాల నుంచి దగ్గు అని రాస్తున్న."

"ఎవరికి దగ్గు?" ముత్తక్క అడిగింది.

"నీకేనమ్మా. ఊరికే, కాగితం కోసం."

"నాకు దగ్గు లేదు బాబూ."

"తెలుసమ్మా. రాస్తేనే ఫోటో తీస్తరు."

"వద్దు." ఆమె లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. "కాగితం మీద నా పేరున్నది. పేరు పక్కన దగ్గు పెడితే దానికి దారి తెలుస్తది."

నాగలత అత్త చెయ్యి పట్టుకుంది. కోయలో బతిమాలింది. అక్షరాలకు ఏమీ కాదని, డాక్టర్లు రోజూ రాస్తారని, ఒక్కసారేనని చెప్పింది. ముత్తక్క విన్నది. విని, డాక్టరుకు కూడా తెలియాలనుకుందేమో, తెలుగులోనే చెప్పింది.

"మా పెద్దోడు హాస్టల్ల ఉంటుండె. పండుగకు పంపమంటే సారు పంపలే. జొరమని రాసిస్తే పంపుతరని ఎవరో చెప్పిన్రు. రాయించిన. నా పిల్లగానికి జొరం అని రాయించి, కింద ఏలిముద్ర నేనే పెట్టిన. వాడు నవ్వుకుంట వచ్చిండు. తొమ్మిదో రోజు జొరమొచ్చింది. అప్పుడు వానికి పదకొండేండ్లు."

రాంబాబుకు ఒక అన్న ఉండేవాడని, జ్వరంతో పోయాడని నాగలతకు తెలుసు. కాగితం సంగతి ఎనిమిదేళ్ల కాపురంలో ఎవరూ చెప్పలేదు. రాంబాబుకైనా తెలుసో లేదో. వేలిముద్ర వేసిన ఆ బొటనవేలినే ముత్తక్క ఇప్పుడు పిడికిట్లో దాచుకుని నిలబడింది. గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఆ గాలికి చీటీ కొస లేచి లేచి పడుతోంది.

సంతోష్ చాలా మెల్లగా అడిగాడు. "దగ్గు వద్దు లేమ్మా. చాలా ఏండ్ల నుంచి చుట్టలు బాగా తాగుతదని రాస్త. అది నిజమే కదా? నడుస్తదేమో చూద్దాం."

"నేను తాగేది ఒకటే బాబూ. ఒకటి అని రాయి."

అతను నాగలత వైపు చూశాడు. నాగలత నేల వైపు చూసింది. రోజుకు ఒకటి చొప్పున నలభై అయిదేళ్లు వేసినా లెక్క రెండు దాటి మూడు కాదు. ఇరవై కావాలి. ఇద్దరికీ ఇప్పుడు జవాబులన్నీ తెలుసు.

అతను చీటీని రెండుగా మడిచాడు. పారేయలేదు, ఇవ్వనూ లేదు. సొరుగులో పెట్టి, "ఏమన్న అనిపిస్తే జల్దీ రా అమ్మా. దగ్గు వచ్చినా, బరువు తగ్గినా" అన్నాడు. బాధ మొదలయ్యాక వస్తే ఆలస్యమేనని మొన్న క్లాసులో తెర మీద చూశారు వాళ్లిద్దరూ.

"అవ్, అట్లనే వస్త. నువ్వు మంచోడివి బాబూ" అని ముత్తక్క అతని తల నిమిరింది.

బస్సు దిగి ఇప్పలగుంపు దారి పట్టేసరికి ఎండ వాలింది. దారికి రెండు వైపులా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, కంటికి ఆనినంత మేర ఎరుపు. ఆ ఎరుపు మధ్య తెల్లటి దారి మీద ముత్తక్క చెప్పులు చేతపట్టుకుని చకచకా నడుస్తోంది, సాయంత్రం ఇంటికి మళ్లిన లేగలా. నాలుగడుగులు వెనక నాగలత. ఆమె అత్త వీపునే చూస్తోంది. రవికె కింద ఆ వీపు పైకి లేవడం, కిందికి దిగడం. ఎక్కడైనా ఒక గరగర, ఒక ఆగిపోవడం, ఒక తడబాటు వినిపిస్తుందేమోనని చెవులు రెండూ అక్కడే పెట్టి నడుస్తోంది. ఏదైనా వినిపిస్తే రేపే చీటీ దొరుకుతుంది. వినిపించకూడదని కూడా అంతే గట్టిగా అనుకుంటోంది. రెండు కోరికలూ ఒకే అడుగులో పడుతున్నాయి. గడ్డిలో పిట్టలు, దూరంగా చెట్లు నరుకుతున్న చప్పుడు, తన సొంత గుండె. ఆ వీపు నుంచి మాత్రం ఏ శబ్దమూ లేదు.

దిగుడు దగ్గర ముత్తక్క ఆగి, వెనక్కి తిరిగి, నడుం మీద చెయ్యి వేసుకుని నవ్వింది.

"ఏందే కోడలా, నీకే ఆయాసమొస్తున్నది. ఆ ఫోటో ఏదో నువ్వు తీయించుకో."

"అవ్ అత్తా" అంది నాగలత. అని, ఇంకో నాలుగడుగులు వెనకబడింది.